భుజం మీద ప్లగ్

నేను ఒక ప్లగ్‌ని. కరెంటు ప్లగ్‌ని కాదు, పంచరు ప్లగ్‌ని. జానెడు కూడా లేని గోధుమరంగు రబ్బరు తాడుని. ముట్టుకుంటే వేళ్ళకి అంటుకుంటాను, వాసన చూస్తే మొహం తిప్పుకుంటారు. ట్యూబు లేని టైరుకి కంత పడితే నన్ను సూదికి ఎక్కించి అందులోకి దూరుస్తారు. సూది బయటికి వచ్చేస్తుంది, నేను ఉండిపోతాను. నా జీవితమంతా ఆ ఒక్క క్షణం కోసమే.

మాలో ఎక్కువమందికి కథ ఉండదు. దూరతారు, అరుగుతారు, టైరుతో పాటు పోతారు. నాకు మాత్రం ఒక రోజు ఉంది. ఆ రోజు నా వెనకాల రెండు లక్షల ప్రాణాలున్నాయి.

పుట్టింది ఏదో కార్ఖానాలో. ఊరు పేరు నాకు తెలియదు. వేడి రబ్బరు ముద్దలోంచి దారంలా లాగి, ముక్కలు కోసి, ఐదుగురిని ఒక ప్లాస్టిక్ కాగితం మీద పక్కపక్కన అంటించారు. నేను నాలుగోవాణ్ణి. నా పక్కన ఐదోవాడు, నా తమ్ముడు. మాకు చేతులూ కాళ్ళూ లేవు గానీ ఒకరి బంక ఒకరికి అంటుకుని ఉండేది. అదే మా చుట్టరికం.

లారీలు మారి, దుకాణాలు మారి, చివరికి ముమ్మిడివరం దాటాక హైవే పక్కన ఒక రేకుల షెడ్డులో మేకుకి వేలాడాం. అది నూకరత్నం పంచరు షాపు.

నూకరత్నానికి యాభై ఏళ్ళుంటాయి. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, పైన మగవాళ్ళ చొక్కా వేసుకుని పని చేస్తుంది. షాపు మొదట ఆవిడ భర్త ఏసుబాబుది. జాకీలు ఎత్తీ ఎత్తీ ఆయన నడుం పట్టేసింది. అప్పటినుంచి ఆయన నవారు మంచం మీద పడుకుని సలహాలు ఇస్తాడు, ఆవిడ పని చేస్తుంది. ఆ సలహాల్లో ఒక్కటి కూడా ఆవిడ వినగా నేను చూడలేదు.

"రత్నం, ఆ నట్టు ముందు తిప్పు."

"మీరు పక్కకి తిరిగి పడుకోండి."

ఇదీ వాళ్ళ సంసారం. ఇంతకంటే ప్రేమగా మాట్లాడుకునే భార్యాభర్తల్ని ఆ హైవే మీద నేను చూడలేదు.

నూకరత్నానికి ఒక నియమం ఉంది. టైరుకి రోడ్డు తగిలే భాగం నడిమధ్య మేకు దిగితే ప్లగ్ కొడుతుంది. పక్కకి తిరిగే వంపు ఉంటుందే, దాన్ని వీళ్ళు భుజం అంటారు, అక్కడ దిగితే కొట్టదు. ఎవరొచ్చి బతిమాలినా కొట్టదు. చక్రం తిరిగిన ప్రతిసారీ భుజం ముడుచుకుంటుంది, చాచుకుంటుంది. అక్కడ మేము నిలబడం. ఊడిపోతాం. బరువైన బండి అయితే ఊడినప్పుడు బండి ఎటు పోతుందో చెప్పలేం.

"టైరు మార్చుకో, లేదా స్టెప్నీ ఎక్కించుకో. నా చేత్తో మటుకు కొట్టను," అని జాకీ తీసేసేది. అలా తిరిగి వెళ్ళిన బళ్ళు గోడ మేకుకి వేలాడుతూ నేను ఎన్నో చూశాను.

ఒక ఏప్రిల్ ఉదయం, పదిన్నర అవుతుండగా, ఒక వ్యాను కుంటుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. వెనక అంతా థర్మాకోల్ పెట్టెలు. కింద ఉప్పునీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. డ్రైవరు దిగుతూనే పరిగెత్తుకొచ్చాడు. సన్నగా, మీసాలు మాత్రం దండిగా.

"అక్కా, తొందరగా చూడక్కా! రొయ్యపిల్లలక్కా!"

అతని పేరు బుల్లబ్బాయి. ఉప్పాడ వైపు హేచరీ నుంచి రొయ్యపిల్లల్ని భీమవరం అవతల కాళ్ళ అనే ఊరి దగ్గర చెరువుకి తీసుకెళ్తున్నాడు. మామూలుగా తెల్లవారకముందే బయల్దేరే లోడు. ఆ రోజు హేచరీలో మోటారు మొరాయించి ఏడుకి గానీ ప్యాకింగ్ కాలేదు. మొత్తం రెండు లక్షల పిల్లలు. ఒక్కో సంచిలో కాస్త నీళ్ళు, వెయ్యేసి పిల్లలు, మిగతాది ఆక్సిజన్. పక్కన ఐసు ముక్క. ఈ ఎండకి ఆ ఐసు కరిగేలోగా, ఆ గాలి అయిపోయేలోగా చెరువు చేరాలి. రెండు దాటితే ఏం చెప్పలేం.

నూకరత్నం వంగి ఎడమ వెనక చక్రం చూసింది. పూర్తిగా చదునైపోయింది.

"మేకేదీ?"

బుల్లబ్బాయి గర్వంగా ఛాతీ విరిచాడు. "నేనే పీకేశానక్కా. ఇంత పొడుగుంది. కాలవలో పారేశా."

నూకరత్నం నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

"మేకుంటే గాలి నిలబడేది కదయ్యా. అది మేకు కాదు, మూత. సీసా మూత తీసి కాలవలో పారేసి, నీళ్ళు కారిపోతన్నాయని ఏడుస్తన్నావు."

మంచం మీంచి ఏసుబాబు అన్నాడు: "స్టెప్నీ ఎక్కించెయ్ రత్నం."

ఈసారి ఆయన సలహా సరైనదే. బండి కింద నిండా గాలి ఉన్న స్టెప్నీ కనిపిస్తూనే ఉంది. నూకరత్నం పానా పట్టుకుని బండి కిందకి దూరింది. ఒకసారి తిప్పింది. రెండోసారి పానా మీద కాలు పెట్టి తొక్కింది. బయటికి వచ్చేసరికి చెయ్యి నిండా ఎర్రటి తుప్పు.

"ఎన్నేళ్ళయింది ఇది దింపి?"

"అవసరం పడలేదక్కా ఎప్పుడూ."

రొయ్యపిల్లల బళ్ళన్నిటికీ ఇదే జబ్బు. పై నుంచి ఉప్పునీళ్ళు కారుతూనే ఉంటాయి, కింద స్టెప్నీ బోల్టు తాగుతూనే ఉంటుంది. లోపల సరుకు ఎంత చల్లగా ఉందో గంటగంటకీ చూసుకునే మనుషులు కింద చక్రం ఎలా ఉందో ఏళ్ళ తరబడి చూడరు. బోల్టు, నట్టు, గొలుసు కలిసి ఒకే ముద్ద అయిపోయాయి. కోసి తీయాలంటే రెండు గంటలు.

నూకరత్నం చక్రం చుట్టూ సబ్బునీళ్ళు పోసి, గాలి పట్టించి, తిప్పింది. బుడగలు వచ్చాయి. సుద్దతో గుండ్రం చుట్టింది. లేచి నిలబడి, గోనెపట్టాకి చేతులు తుడుచుకుంది.

"భుజం మీదుంది. నేను కొట్టను."

బుల్లబ్బాయి మీసాలు ఒక్కసారిగా వాలిపోయాయి.

అప్పుడే అతని ఫోన్ మోగింది. స్పీకరులో ఒక ఆడమనిషి గొంతు.

"ఎందాకా వచ్చావురా బుల్లబ్బాయీ?"

"వచ్చేత్తన్నానండి సూర్యావతిగారూ. చిన్న పంచరండి, ఆయ్."

ఆవిడ నెమ్మదిగా అంది: "కిందటిసారి అన్నానికి ఆగావు. ఈసారి పంచరు. సరేలే. నేను గట్టు మీదే ఉన్నాను." ఫోన్ పెట్టేసింది.

బుల్లబ్బాయి ఇసుకలో కూలబడి చెప్పాడు. కిందటి ఏడాది ఇదే సూర్యావతి చెరువుకి పిల్లల్ని తీసుకెళ్తూ దారిలో హోటలు దగ్గర ముప్పావుగంట ఆగాడు. చేపల పులుసు బాగుందని. పిల్లల్లో సగం పైగా సంచుల్లోనే పోయాయి. గోధుమరంగు నీళ్ళలో, కనురెప్ప వెంట్రుకంత పిల్లలు, ఎవరికీ తెలియలేదు. సూర్యావతి లెక్క ప్రకారం మేత వేస్తూ పోయింది. నలభై రోజులు చచ్చిపోయిన పిల్లలకి మేత వేసింది. నీళ్ళు కుళ్ళి, బతికినవీ పోయాయి.

"భర్త పోయాక ఆ రెండెకరాలూ ఆవిడే చూసుకుంటన్నారక్కా. ఈసారీ పోతే చెరువు లీజుకి రాసిచ్చేయమని మరుదులు కాగితాలు పట్టుకుని కూర్చున్నారు. హేచరీ వాళ్ళు వేరే డ్రైవర్ని పంపుతామంటే వద్దన్నారంట. 'వాణ్ణే పంపండి, నా మొహం చూసి దింపాలి' అన్నారంట."

ఏసుబాబు కూడా సలహా ఇవ్వలేదు.

నూకరత్నం వ్యాను వెనక్కి వెళ్ళి ఒక పెట్టె మూత కొంచెం ఎత్తి చూసింది. ఏం చూసిందో తెలియదు. తిరిగి వచ్చి మా కాగితాన్ని మేకు మీంచి పీకింది. నన్నూ, నా తమ్ముడినీ ఒలిచింది.

"నేను చెప్పినట్టు చేస్తావా?"

"నువ్వు దూకమంటే కాలవలో దూకుతానక్కా."

"దూకక్కర్లా. నలభై దాటకు. గుంతలో దించకు. ఎడం పక్క పెట్టెలన్నీ కుడి పక్కకి సర్దు, ఈ చక్రం మీద బరువు తగ్గాలి. దారిలో బంకు కనపడితే ఆగి గాలి కొట్టించు. అన్నానికి ఆగితే మటుకు..." ఆవిడ పానా ఎత్తి చూపించింది. మిగతా మాట అవసరం లేకపోయింది.

మేకు ఉంటే అది ఎటు వాలి దిగిందో తెలిసేది. మేము కూడా అదే వాలులో దిగాలి. లేకపోతే టైరు లోపలి దారాలు తెగుతాయి. మేకు కాలవలో ఉంది. నూకరత్నం ఒక సైకిలు పుల్ల తీసుకుని, కళ్ళు మూసుకుని, కంతలోకి మెల్లగా పోనిచ్చింది. తిప్పుతూ, ఆగుతూ, దారి వెతుక్కుంటూ. చెవిలో గులిమి తీసే తల్లిలా ఉంది.

"ముందుకి వాలింది," అంది కళ్ళు మూసుకునే.

గరుకు సూదితో కంతని శుభ్రం చేసింది. నన్ను జిగురు సొల్యూషన్‌లో ముంచి, సూది కన్నులోకి సగం దాకా లాగి, ఒంటి బరువంతా వేసి తోసింది. నడుం దగ్గర మడతపడి నేను లోపలికి వెళ్ళాను. సూదిని ఒక్క ఊపులో వెనక్కి లాగింది. నేను ఉండిపోయాను. నా నడుము చీకట్లో, రెండు కొసలూ ఎండలో. వెంటనే నా పక్కన ఇరుక్కుంటూ తమ్ముడు దిగాడు. కంత పెద్దది మరి. కార్ఖానాలో మొదలైన చుట్టరికం మళ్ళీ కలిసింది.

గాలి పట్టించింది. ఆ ఒత్తిడి నా నడుము మీద పడినప్పుడు తెలిసింది, నా పని ఏమిటో. సబ్బునీళ్ళు పోసింది. బుడగ లేదు.

"రేపు ఈ టైరు తీసి పారెయ్యి. ఇది ఇవాళ్టికే," అంది.

పదకొండుంబావుకి కదిలాం.

చక్రం తిరగడం మొదలెట్టాక నూకరత్నం నియమం ఎందుకు పెట్టుకుందో నాకు అర్థమైంది. చుట్టుకి ఒకసారి భుజం నలుగుతుంది. కంత నోరు తెరుస్తుంది, మూస్తుంది. తెరిచినప్పుడల్లా లోపలి గాలి నన్ను బయటికి తోస్తుంది. నేను బంకతో గోడలు పట్టుకుని ఉంటాను. కిలోమీటరుకి అలా నాలుగువందల పైచిలుకు సార్లు. కాళ్ళ ఇంకా తొంభై కిలోమీటర్లు.

అమలాపురం దాటాం. బుల్లబ్బాయి నలభై దాటలేదు. వెనక బస్సులు హారన్లు కొట్టాయి, మోటారు సైకిళ్ళ మీద కుర్రాళ్ళు వెనక్కి తిరిగి నవ్వారు. ఒకడు అరిచాడు: "బాబాయ్, దిగి తోస్తే ఇంకా ఫాస్టు పోద్ది!" బుల్లబ్బాయి కళ్ళు స్పీడు ముల్లు మీదే ఉన్నాయి. రాజోలులో ఒక హోటలు ముందు చేపల పులుసు వాసన రోడ్డుకి అడ్డంగా నిలబడింది. అతను ముక్కు మూసుకుని పోనిచ్చాడు. నేను సాక్షిని.

చించినాడ వంతెన ఎక్కాం. కింద గోదావరి. వంతెన అతుకుల దగ్గర చక్రం ఎగిరి పడింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో అతుకు దగ్గర ఎదురుగా వచ్చే లారీని తప్పించబోయి బుల్లబ్బాయి ఎడమకి లాగి, వెంటనే కుడికి తిప్పాడు. బరువంతా ఒక్కసారి భుజం మీద పడింది.

నా పక్కన ఖాళీ అయింది.

తమ్ముడు అరవలేదు, మాకు గొంతులుండవు. బంక సాగి, సాగి, తెగింది. వెనక్కి చూసే వీలు నాకు లేదు. వాడు వంతెన మీద పడ్డాడో, గోదావరిలో పడ్డాడో ఇప్పటికీ తెలియదు.

వాడు ఉన్న చోటంతా ఇక నేనే నిండాలి. నిండలేకపోయాను. గాలి సన్నగా కారడం మొదలైంది.

వంతెన దిగి బుల్లబ్బాయి చక్రం చూశాడు. నాలుగు కొసలు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి. ఉమ్మి రాసి చూస్తే బుడగ. నూకరత్నానికి ఫోన్ చేశాడు.

"అక్కా, ఒకటి ఎగిరిపోయిందక్కా!"

"రెండోది?"

"ఉంది. గాలి పోతంది. లోపలికి నొక్కనా?"

"ముట్టుకున్నావంటే చెయ్యి విరిచేస్తా. అలాగే పోనీ. పాలకొల్లులో గాలి పట్టించు. భీమవరంలో పట్టించు. ఆగిన చోటల్లా పట్టించు. టైము ఎంతయింది?"

"ఒంటిగంటక్కా."

"ఇంకా నాతో మాట్లాడతావేంటయ్యా, పో!"

తర్వాతి గంటంపావు నాకు గాలీ, దడా తప్ప ఏమీ గుర్తులేదు. పాలకొల్లులో నింపారు, తగ్గింది. భీమవరంలో నింపారు, తగ్గింది. బుల్లబ్బాయి మొదట్లో దేవుళ్ళని పిలిచాడు. భీమవరం దాటాక నన్నే పిలవడం మొదలెట్టాడు. "ఇంకొంచెం ఆగు బాబూ, ఇంకొంచెం. నీకు దండం పెడతా." రబ్బరు ముక్కకి దండం పెట్టిన మనిషిని చూసి నవ్వాలో, కరిగిపోవాలో తెలియలేదు. ఆ ఎండలో కరిగే ప్రమాదమే ఎక్కువ.

రెండుంబావుకి చెరువు గట్టు ఎక్కాం.

సూర్యావతి లంగాఓణీ వయసు నుంచీ గట్ల మీద తిరిగిన మనిషిలా ఉంది. తలకి తువ్వాలు, మోకాళ్ళ దాకా బురద. పెట్టెలు దింపించి, సంచుల్ని మూతి విప్పకుండానే చెరువులో తేలవేయించింది.

"ఇప్పేద్దామండి, గాలి అయిపోతంది లోపల!" అన్నాడు బుల్లబ్బాయి.

"ఆగు. సంచిలో చలి, చెరువులో వేడి. ఒక్కసారి మారిస్తే ఉన్నవి కూడా పోతాయి. నీ కంగారు నువ్వే దాచుకో."

అరగంట. తొంభై కిలోమీటర్లకంటే ఆ అరగంటే పొడుగ్గా నడిచింది. నేను వాళ్ళకి రెండు గజాల దూరంలో, కారుతూ ఉన్నాను.

తర్వాత ఆవిడ ఒక సంచి విప్పి, తెల్లటి బేసిన్లో పోసింది. చేత్తో నీళ్ళని గుండ్రంగా తిప్పి వదిలింది. బతికిన పిల్లలైతే ప్రవాహానికి ఎదురీది అంచుల్ని పట్టుకుంటాయి. చచ్చినవైతే మధ్యలో కుప్పపడతాయి. బుల్లబ్బాయి బేసిన్ వైపు చూడలేక నా వైపు తిరిగి నిలబడ్డాడు.

నీళ్ళు తిరిగి తిరిగి నెమ్మదించాయి.

"ఇటు తిరుగు," అంది సూర్యావతి.

బేసిన్ మధ్యలో చిటికెడు మాత్రం పోగుపడ్డాయి. మిగతావన్నీ అంచు చుట్టూ, వెంట్రుకల గుంపులా, ఎదురీదుతున్నాయి. ఆవిడ ఇంకో సంచి విప్పింది. అదీ అంతే. మూడోదీ అంతే. అప్పుడు బురద చేత్తోనే బుల్లబ్బాయి నెత్తి మీద ఒకటి మొట్టింది. అతను వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడ ఏడవలేదు. తువ్వాలుతో మొహం చాలాసేపు తుడుచుకుంది.

ఆ హడావుడిలో చక్రం పూర్తిగా చదునైపోయింది. ఎవరూ చూడలేదు. అందులో తప్పేం లేదు.

కాళ్ళ నుంచి వచ్చిన పంచరువాడు స్టెప్నీ గొలుసు కోసి, చక్రం మార్చి, టైరుని రింగు నుంచి వేరు చేశాడు. నన్ను చూసి పకపకా నవ్వాడు. "భుజం మీద ప్లగ్ కొట్టాడా! ఎవడా బుద్ధిలేనోడు?"

"ముందు నీ కూలెంతో చెప్పవయ్యా," అన్నాడు బుల్లబ్బాయి.

టైరు గట్టు మీదే ఉండిపోయింది. దాని మీద గోనె పరిచి సూర్యావతి కూర్చునేది. రోజూ మేత ట్రే పైకి లాగి, పిల్లల్ని చూసుకునేది. మొదట వెంట్రుక, తర్వాత బియ్యపు గింజ, తర్వాత చిటికెనవేలు. మరుదులు రెండుసార్లు వచ్చారు. ట్రేలో ఎగిరిపడే రొయ్యల్ని చూసి, కాగితాలు చంకలోనే పెట్టుకుని వెళ్ళారు.

నూటపది రోజులకి పట్టుబడి అయింది. వలలు దిగాయి. నేను అంత కష్టపడి బతికించిన ప్రాణాలన్నీ బుట్టల్లోకి, బుట్టల్లోంచి ఐసులోకి వెళ్ళాయి. గట్టు మీద అందరూ కేకలు వేస్తున్నారు, నవ్వుతున్నారు. నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. ఇందుకా ఇంత పరుగు? తర్వాత నా పక్కన నిలబడ్డ సూర్యావతి మొహం చూశాను. మనుషులు ప్రేమగా పెంచేదీ, చివరికి అమ్మేదీ ఒకటే. ఆ రెంటి మధ్యా వాళ్ళెలా నిలబడతారో నాకు తెలియదు. భుజం మీద నిలబడటం నయం.

పట్టుబడి రోజు గట్టుకి వచ్చినవాళ్ళని ఎవరినీ ఉత్తచేతులతో పంపరు. కూరకి రొయ్యలు ఇస్తారు. ఆ రోజు సూర్యావతి పిలిపించిన మనిషి ఒకరున్నారు. బుల్లబ్బాయి వ్యాను ముందు సీట్లోంచి, ఉతికిన చీరలో, చొక్కా లేకుండా దిగింది నూకరత్నం.

సూర్యావతి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "నీ చెయ్యి చల్లన వదినా."

"అంత మాటెందుకండీ," అంటూనే నూకరత్నం కళ్ళు టైరు మీద పడ్డాయి. అందరూ బుట్టల దగ్గరికి పోయేదాకా ఆగింది. తర్వాత గోనె తొలగించి, వంగి, నన్ను చూసింది. మొహం చిట్లించింది.

"ఛీ. ఎవరైనా చూస్తే నా పరువేం కాను!"

చేతిసంచిలోంచి పటకారు తీసింది. పేరంటానికి వచ్చినట్టు తయారై వచ్చిన మనిషి సంచిలో పటకారు! నా కొసలు పట్టుకుని ఒక్క లాగు లాగింది. నూటపది రోజుల తర్వాత నా నడుము వెలుగు చూసింది. నన్ను పారేస్తుందనుకున్నాను. కొంగు చివర ముడి వేసుకుంది.

ఇప్పుడు ముమ్మిడివరం షెడ్డులో ఒక డబ్బాలో ఉంటున్నాను. భుజం మీద మేకుతో వచ్చి, తొందరండీ, ఒక్కసారికి కొట్టేయండీ అని ఎవరైనా బతిమాలితే, నూకరత్నం నన్ను బయటికి తీసి అరచేతిలో పెట్టి చూపిస్తుంది.

"ఇదొక్కటే నిలబడింది. దీని పక్కది గోదాట్లో కలిసింది. ఇదైనా దీని గొప్ప కాదు. ఆ డ్రైవరు నేను చెప్పిన మాట విన్నాడు. నువ్వు వినే రకంలా లేవు. టైరు మార్చుకో."

మంచం మీంచి ఏసుబాబు అంటాడు: "కొట్టెయ్యవే పాపం."

"మీరు పక్కకి తిరిగి పడుకోండి."

వాళ్ళు గొణుక్కుంటూ టైరు మార్చుకుంటారు. ఒక బండిని నడిపించాను, ఇప్పటికి పదకొండు బళ్ళని ఆపాను. రెంటిలో ఏది పెద్ద పనో నూకరత్నాన్నే అడగాలి. ఆవిడకి తీరిక లేదు. బయట ఎవరో హారన్ కొడుతున్నారు, డబ్బా మూత తెరుచుకుంటోంది.